60 లీటర్ల ట్యాంకుకి వారం వారం ఉప్పునీళ్లు: ఎంత ఉప్పు, ఏ నీళ్లు, ఎలా కలపాలి?

ఎంవీపీ_నానో:
అందరికీ నమస్కారం. గాజు కొలత ప్రకారం 60 లీటర్ల సముద్రపు చేపల ట్యాంకు. రాళ్లూ ఇసుకా పోను నికరంగా 50 లీటర్ల నీళ్లు. రెండు క్లౌన్ ఫిష్, ఒక క్లీనర్ ష్రింప్ (చిన్న రొయ్య), నాలుగు నత్తలు, కొన్ని జోవాలు (ఒక రకం చిన్న పగడాలు). వారానికి 5 లీటర్లు మార్చాలని లెక్క. సాల్ట్ (సముద్రపు నీళ్లు తయారుచెయ్యడానికి అమ్మే లవణాల మిశ్రమం) రెడ్ సీ కంపెనీ వాళ్ల నీలం బకెట్.

సందేహాలు ఇవీ. లీటరుకి ఎన్ని గ్రాములు వెయ్యాలి? ఒకచోట 33 అంటారు, ఒకచోట 35, ఇంకోచోట 38. కలిపిన నీళ్లు గంజినీళ్లలా తెల్లబడి రెండు గంటలైనా తేరుకోవడం లేదంటే కారణం ఏమై ఉంటుంది? ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు సరిపోతాయా? ఆఖరిది మా ఇంట్లోవాళ్ల ప్రశ్న: ఆర్కే బీచ్ పక్కనే పెట్టుకుని సముద్రపు ఉప్పు డబ్బులిచ్చి కొనడం ఏమిటి?

లాసన్స్‌బే_రీఫ్:
ఆఖరి ప్రశ్న ఈ ఊళ్లో ప్రతి ట్యాంకు ఇంట్లోనూ వచ్చేదే, దానికి సాగర్‌నగర్ గారు జవాబు చెబితే బాగుంటుంది. నేను గ్రాముల సంగతి చెప్తాను.

35 పీపీటీ అంటే కిలో సముద్రపు నీళ్లలో 35 గ్రాముల లవణాలు. ఆ లెక్కన లీటరుకి 35 గ్రాములు చాలనిపిస్తుంది. కానీ సాల్ట్ మిక్స్ పూర్తిగా పొడి పదార్థం కాదు. అందులోని మెగ్నీషియం క్లోరైడ్ లాంటివి తమ స్ఫటికంలోనే నీటిని పట్టుకుని ఉంటాయి. మీరు తూచే 38 గ్రాముల్లో కొంత బరువు ఆ నీటిదే. అందుకే మీ బకెట్‌కి లీటరుకి సుమారు 38 గ్రాములు పడుతుంది. వేరే బ్రాండుకి 36 పట్టొచ్చు. నెట్‌లో మూడు అంకెలు కనబడటానికి సగం కారణం ఇదే. మిగతా సగం, కొందరు 35 పీపీటీకి కలుపుతారు, చేపలు మాత్రమే ఉన్నవాళ్లు ఇంకాస్త పలచగా పెట్టుకుంటారు. మీకు జోవాలూ ష్రింపూ ఉన్నాయి కాబట్టి 35 పెట్టుకోండి. 25 డిగ్రీల దగ్గర స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీళ్లతో పోల్చిన సాంద్రత) చూస్తే అది 1.0264.

5 లీటర్లకి 190 గ్రాములు. మొత్తం ఒకేసారి వెయ్యొద్దు. 180 వేసి, కరిగాక కొలిచి, మిగతాది తర్వాత వెయ్యండి. తక్కువైతే వెయ్యడం తేలిక, ఎక్కువైతే మళ్లీ ఆర్వో నీళ్లు పోసి బకెట్ పొంగించుకోవాలి.

వంటింటి డిజిటల్ త్రాసు ఒక గ్రాము వరకు చూపిస్తే చాలు. కప్పుతో మాత్రం కొలవొద్దు. మన తేమకి ఉప్పు ముద్దకడుతుంది, అదే కప్పులో ఒకసారి పట్టినంత ఇంకోసారి పట్టదు.

గాజువాక_బకెట్:
తెల్లబడటం గురించి. బకెట్లో ముందు ఉప్పు పోసి దానిమీద నీళ్లు పోస్తే అలాగే అవుద్ది. ఎల్లకాలం నీళ్లు ముందు, ఉప్పు తర్వాత. ఏటీ తిరకాసు లేదు ఇందులో.

లాసన్స్‌బే_రీఫ్:
గాజువాక చెప్పింది నిజం. ఎందుకో కూడా తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి.

సాల్ట్‌లో కాల్షియం ఉంది, బైకార్బొనేటు కూడా ఉంది. 35 పీపీటీ దగ్గర రెండూ ఒకే నీళ్లలో సర్దుకుని ఉంటాయి. ఉప్పు కుప్ప మీద కాసిని నీళ్లు పడితే, ఆ కాసేపూ అక్కడ గాఢత సముద్రం కన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. కాల్షియం, కార్బొనేటు కలిసి సున్నపు పొడిగా విడిపోతాయి. మీరు చూసే తెలుపు అదే. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా, ఎంతసేపు తిప్పినా అది మళ్లీ కరగదు. అడుగున పేరుకుంటుంది, పంపు లోపల పొరకడుతుంది. నీళ్లు పైకి తేరుకున్నట్టు కనిపించినా ఆల్కలినిటీ (నీళ్లలోని బైకార్బొనేటు, కార్బొనేటుల కొలత) పడిపోయి ఉంటుంది. మీ బకెట్ సాల్ట్ మామూలుగా 8 డీకేహెచ్ (ఆల్కలినిటీని చెప్పే ప్రమాణం) దగ్గర ఉండాలి. టెస్ట్ కిట్‌తో చూస్తే తక్కువ వస్తే అనుమానం తీరినట్టే. ఆ నీళ్లు చేపలకి ప్రమాదం కాదు గానీ పగడాలు ఉన్న ట్యాంకులో పొయ్యడానికి నేను ఒప్పుకోను. పారబోసి మళ్లీ కలపండి.

ఇదే కారణంతో ఉప్పు గబుక్కున గుమ్మరించకూడదు, పంపు తిరగకుండా వెయ్యకూడదు, వేడినీళ్లలో అసలు వెయ్యకూడదు. కాల్షియం కార్బొనేటు మిగతా ఉప్పుల్లా కాదు, నీళ్లు వేడెక్కేకొద్దీ దానికి కరిగే గుణం తగ్గుతుంది.

కలిపే తీరు ఇలా పెట్టుకోండి. 10 లీటర్ల కొత్త ప్లాస్టిక్ బకెట్, దీనికి తప్ప ఇంకెందుకూ వాడనిది. సబ్బు తగలకూడదు, పెయింట్ డబ్బా పనికిరాదు. 5 లీటర్ల నీళ్లు కొలిచి పోసి లోపల మార్కర్‌తో గీత పెట్టేస్తే ప్రతిసారీ కొలిచే పని తప్పుతుంది. గంటకి 400 లీటర్లు తోసే, నీళ్లలో మునిగే చిన్న పంపు, అంటే పవర్‌హెడ్ అడుగున పడుకోబెట్టి, మూతి పైకి తిప్పితే నీళ్లు కింద నుంచి పైకి దొర్లుతాయి. అది తిరుగుతుండగా ఉప్పుని ప్లాస్టిక్ చెంచాతో నీళ్లు దొర్లే చోట చల్లుతూ పోవాలి. ఒక చెంచా కనుమరుగయ్యాక ఇంకో చెంచా. 180 గ్రాములకి పది నిమిషాలు తీసుకున్నా తప్పులేదు.

కంచరపాలెం_క్లౌన్:
పవర్‌హెడ్ లేకపోతే ఎయిర్‌స్టోన్ చాలదా?

గాజువాక_బకెట్:
గాలి బుడగలు పైనుంచి పోతాయి, అడుగున ఉప్పు అలాగే కూకుంటాది. ఎయిర్‌స్టోన్ పెడితే చేత్తో కూడా తిప్పాలి. కర్రతో తిప్పినా అవుద్ది. కాకపోతే చిన్న పంపు ఒకటి కొనుక్కుంటే ఆ బాధ ఉండదు.

ఎంవీపీ_నానో:
చాలా స్పష్టంగా ఉంది, థాంక్స్. ఆర్వో సంగతి? మా ఇంట్లోది గోడకి తగిలించే మామూలు ప్యూరిఫయర్. మీటర్ పెడితే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 70 చూపిస్తోంది.

పెదవాల్తేరు_మేస్టారు:
నాయనా, టీడీఎస్ అంకె కన్నా ముందు ఒకటి చూడండి. మీ ప్యూరిఫయర్ మీద ‘కాపర్’ అని రాసి ఉందా? ఈమధ్య వచ్చే మోడళ్లలో చాలావాటికి రాగి కలిపే కార్ట్రిడ్జ్ ఉంటోంది. మనుషులకి మంచిదని అమ్ముతారు. ష్రింప్, నత్తలు, పగడాలు రాగిని అతి కొద్ది మోతాదులో కూడా తట్టుకోలేవు. పైగా వారం వారం పోసేకొద్దీ ట్యాంకులో చేరుతూ పోతుంది, రాళ్లూ ఇసుకా పట్టి ఉంచుకుంటాయి. టీడీఎస్ మీటరు రాగిని వేరుచేసి చూపించదు. చేపలు బాగానే తిరుగుతూ ష్రింప్‌లు మాత్రం వరసగా చనిపోతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇక 70 ఎందుకు వస్తోందంటే, తాగడానికి రుచి ఉండాలని కంపెనీవాళ్లే కావాలని ఉంచుతారు. దానికి రెండు దారులు. ఒకటి టీడీఎస్ అడ్జస్టర్ అనే చిన్న మర, మెంబ్రేన్ దాటని నీళ్లని కొంచెం పక్కదారిన తెచ్చి శుద్ధమైన నీళ్లలో కలిపేస్తుంది. రెండోది చివర్లో పెట్టే మినరల్ కార్ట్రిడ్జ్. రెండూ మనకి అక్కర్లేనివే.

కవర్ తీసి పైపుల దారి చూడండి. సెడిమెంట్ ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, పంపు, ఆ తర్వాత పొడుగాటి తెల్లటి గొట్టంలో మెంబ్రేన్. మెంబ్రేన్ నుంచి రెండు పైపులు బయటికి వస్తాయి. ఒకటి వృథా నీళ్లది, రెండోది మంచినీళ్లది. ఆ మంచినీళ్ల పైపు మినరల్, కాపర్ కార్ట్రిడ్జ్‌లకీ అడ్జస్టరుకీ చేరకముందే దానికి పావు అంగుళం టీ (పైపుని రెండు దారులుగా చీల్చే జాయింటు) ఒకటి, చిన్న వాల్వు ఒకటి వేయించండి. సర్వీసు కుర్రాడికి పది నిమిషాల పని. తాగే నీళ్ల దారి అలాగే ఉంటుంది, ఇంట్లో గొడవా ఉండదు.

అక్కడ పట్టిన నీళ్లు కూడా మొదటి లీటరు రెండు లీటర్లు వదిలేయండి. మిషను ఆగి ఉన్నప్పుడు మెంబ్రేన్ రెండు పక్కలా ఉన్న లవణాలు సర్దుకుంటాయి, కాబట్టి మొదటి నీళ్లలో టీడీఎస్ ఎక్కువ. ఆ తర్వాత మీటరు పెట్టండి. ఒంటి అంకెలోకి వస్తే బాగుంది. సున్నా కావాలంటే చివర డీఐ రెజిన్ (మిగిలిన లవణాలని పట్టేసే గింజలు) గొట్టం ఒకటి పెట్టుకోవాలి. రంగు మారే రెజిన్ తీసుకుంటే ఎప్పుడు అయిపోయిందో కంటికే తెలుస్తుంది.

కంచరపాలెం_క్లౌన్:
మేస్టారూ, 20 లీటర్ల వాటర్ టిన్ను తెచ్చుకుంటే?

పెదవాల్తేరు_మేస్టారు:
టిన్ను టిన్నుకీ టీడీఎస్ మారుతుంది. మీటరు పెట్టి చూసి తెచ్చుకోండి. చేపలే ఉన్న ట్యాంకుకి పర్వాలేదు. పగడాలుంటే మాత్రం, ఆ మిగిలిన టీడీఎస్‌లో ఏమున్నాయో చెప్పడం కష్టం. నైట్రేటు ఉండొచ్చు, సిలికేటు ఉండొచ్చు, గాజుమీద గోధుమరంగు పొర పదేపదే వస్తుంటే అదే మూలం కావచ్చు.

గాజువాక_బకెట్:
కుళాయి నీళ్లు పోసి పైన నాలుగు చుక్కలు క్లోరిన్ పోగొట్టే మందు వేసేవాళ్లు కూడా ఉన్నారు. క్లోరిన్ పోద్ది, మిగతాది పోదు. బోరు నీళ్లయితే అసలు వద్దు. బీచ్ వైపు బోర్లు ముందే ఉప్పగా ఉంటాయి, ఆ ఉప్పు మనకి కావలసిన ఉప్పు కాదు.

ఎంవీపీ_నానో:
మాది కాపర్ మోడలే. రేపే టీ వేయిస్తాను. అసలు ఇది ఇక్కడ అడగకపోతే తెలిసేది కాదు. మరి ఆర్కే బీచ్?

సాగర్‌నగర్_హ్యాచ్:
వస్తున్నా. సముద్రపు నీళ్లు వాడకూడదని కాదు. భీమిలి తీరం పొడవునా రొయ్యపిల్లల హ్యాచరీలు నడిచేది ఈ సముద్రపు నీళ్లతోనే. కానీ వాళ్లు ముంచుకొచ్చి పోసేయరు.

మొదటి ఇబ్బంది, ఉప్పదనం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి అన్నీ వచ్చి పడతాయి. వానాకాలం వెళ్లాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది, ఆ తియ్యటి నీళ్లని మన ముందుకి తెస్తుంది. ఆ నెలల్లో విశాఖ తీరంలో 30 పీపీటీ కన్నా కిందకి దిగడం మామూలే. వేసవిలో మళ్లీ 33, 34 దగ్గరికి వస్తుంది. అంటే మార్చిలో బాగున్న నీళ్లు నవంబరులో అదే చోట పట్టినా ఒకటి కావు. కొలవకుండా పోస్తే ష్రింప్‌కి మొదటికే మోసం.

పోనీ వేసవిలో పడదామా అంటే, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇక్కడ అడుగు నీళ్లు పైకి వస్తాయి. 1950ల్లోనే ఆంధ్రా యూనివర్సిటీలో దీనిమీద పరిశోధన జరిగింది. ఆ నీళ్లు చల్లగా ఉంటాయి, నైట్రేటు, ఫాస్ఫేటు వెంట తెస్తాయి. సముద్రంలో చేపలకి అది పండగ, 50 లీటర్ల గాజుపెట్టెలో నాచుకి పండగ.

రెండో ఇబ్బంది ఆర్కే బీచ్. ఒడ్డు పొడవునా గెడ్డలూ కాలువలూ సముద్రంలో కలుస్తాయి, ఊరి మురుగు వాటితో పాటే. దక్షిణం వైపు పోర్టు, ఫిషింగ్ హార్బరు, వాటి డీజిలు. ఒడ్డున మోకాలి లోతులో ముంచిన బిందెలో ఇవన్నీ ఉంటాయి. వాన పడిన వారం అయితే చెప్పనే అక్కర్లేదు.

లాసన్స్‌బే_రీఫ్:
హ్యాచరీలో శుద్ధి చేసిన నీళ్లు దొరికితే?

సాగర్‌నగర్_హ్యాచ్:
అది మంచి దారి. రెండు విషయాలు అడిగి తెచ్చుకోండి: క్లోరిన్ పూర్తిగా తీసేశారా, అందులో మందులేమైనా కలిపారా. రెండోదానికి సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి.

సొంతంగా తెచ్చేవాళ్లకి పద్ధతి చెప్తాను. పడవవాళ్లతో ఒడ్డుకి బాగా దూరం నుంచి, పైన నురగ, నూనె పొర లేనిచోట పట్టించాలి. బట్టతోనో 5 మైక్రాన్ల ఫిల్టరుతోనో వడకట్టాలి. తర్వాత క్లోరిన్. 10 పీపీఎం రావాలంటే 5 శాతం సోడియం హైపోక్లోరైటు లీటరుకి 0.2 మిల్లీలీటర్లు, అంటే 20 లీటర్ల క్యానుకి 4 మిల్లీలీటర్లు. సువాసన కలిపిన, సబ్బు కలిపిన ఇంటి బ్లీచ్ కాకూడదు. ఒక రాత్రంతా మూతపెట్టి ఉంచి, మర్నాడు ఎయిర్‌స్టోన్ వేసి గట్టిగా గాలి కొట్టించాలి. మిగిలిన క్లోరిన్‌కి సోడియం థయోసల్ఫేటు. ఒక వంతు క్లోరిన్‌కి ఏడు వంతులు పడుతుంది. 20 లీటర్లలో వేసిన క్లోరిన్ 200 మిల్లీగ్రాములు కాబట్టి, ఏమీ ఎగిరిపోలేదనుకున్నా 1.4 గ్రాములు చాలు. తర్వాత ఓటీఓ అనే క్లోరిన్ పరీక్ష చుక్కలతో చూడండి. పసుపు రంగు ఏమాత్రం కనిపించినా ఇంకా క్లోరిన్ ఉన్నట్టే.

ఇంత చేశాక కూడా ఉప్పదనం సరిచెయ్యాలి. 28 పీపీటీ ఉన్న నీళ్లు 35కి రావాలంటే లీటరుకి సుమారు 7.6 గ్రాముల సాల్ట్ మిక్స్. 20 లీటర్లకి 150 గ్రాముల పైమాటే.

గాజువాక_బకెట్:
5 లీటర్ల కోసం పడవ, క్లోరిన్, థయో, చివరికి మళ్లీ అదే సాల్ట్ బకెట్టు. ఎందుకొచ్చిన గొడవ!

సాగర్‌నగర్_హ్యాచ్:
500 లీటర్ల ట్యాంకు ఉన్నవాడు ఆ మాట అనడు. 50 లీటర్లకి మాత్రం మీతో ఏకీభవిస్తాను.

కంచరపాలెం_క్లౌన్:
ఇంకోటి. నౌపడ నుంచి వచ్చే కల్లుప్పు కూడా సముద్రపు నీళ్లు ఎండబెట్టిందే కదా. అది కరిగిస్తే మళ్లీ సముద్రపు నీళ్లు అవ్వాలి కదా?

లాసన్స్‌బే_రీఫ్:
అవ్వదు. ఉప్పుమడిలో నీళ్లు ఇంకేకొద్దీ అన్నీ ఒకేసారి గడ్డకట్టవు. ముందు కాల్షియం కార్బొనేటు విడిపోతుంది, తర్వాత జిప్సం, ఆ తర్వాతే మనం తినే ఉప్పు. దాన్ని గోకి తీసేసరికి మెగ్నీషియం, పొటాషియం చాలావరకు మిగిలిన చేదునీళ్లలోనే ఉండిపోతాయి, ఆ నీళ్లు వదిలేస్తారు. కాబట్టి కల్లుప్పు అంటే కాల్షియం ముందే పోయి, మెగ్నీషియం వెనకే ఉండిపోయిన సోడియం క్లోరైడ్. మీటరులో 35 చూపిస్తుంది, చేప కొన్నాళ్లు తట్టుకుంటుంది కూడా. నత్త గుల్లకీ, ష్రింప్ కుబుసానికీ, పగడానికీ కావలసినవి అందులో లేవు.

కంచరపాలెం_క్లౌన్:
అర్థమైంది. నా దగ్గర ఉప్పదనం కొలిచే, ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరు ఉంది. దాన్ని నమ్మొచ్చా?

పెదవాల్తేరు_మేస్టారు:
ముల్లుకి బుడగలు అంటుకుంటే పైకి తేలి ఎక్కువ చూపిస్తుంది. మీరేమో ఉప్పు సరిపోయిందనుకుని తక్కువ ఉప్పు నీళ్లు పోస్తారు. వాడేటట్టయితే నీళ్లు పోసి, పక్కన తట్టి, బుడగలు పోయాక చూడండి. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగండి, ఉప్పు ఎండి ముల్లు బరువెక్కితే తక్కువ చూపిస్తుంది. రిఫ్రాక్టోమీటరు (కాంతి వంగే తీరుని బట్టి ఉప్పదనం చూపించే పరికరం) కొనుక్కోవడం మేలు.

దానికీ ఓ తిరకాసు ఉంది. చవగ్గా దొరికే వాటిలో చాలా వరకు ఉప్పునీళ్ల కోసం చేసినవి, సముద్రపు నీళ్ల కోసం కాదు. సోడియం క్లోరైడ్ లెక్కతో గీసిన గీతల మీద అసలైన 35 పీపీటీ సముద్రపు నీళ్లు 36.5 దగ్గర కనిపిస్తాయి. మీరు 35 దగ్గర ఆపితే ఒకటిన్నర పీపీటీ తక్కువలో ఉన్నట్టు. ఆర్వో నీళ్లతో సున్నాకి సరిపెట్టినంత మాత్రాన ఈ తేడా పోదు. అందుకే 35 దగ్గరే సరిచూడాలి.

35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణం సీసా దొరికితే అదే వాడండి. దొరక్కపోతే ఇంట్లో చేసుకోవచ్చు. 3.65 శాతం సోడియం క్లోరైడ్ ద్రావణం రిఫ్రాక్టోమీటరులో 35 పీపీటీ సముద్రపు నీళ్లలాగే కనిపిస్తుంది. ఒక గ్రాము వరకే చూపించే త్రాసుతో తక్కువ మోతాదులో చేస్తే తప్పు పెరుగుతుంది కాబట్టి పెద్ద మోతాదులో చెయ్యండి: 73 గ్రాముల ఉప్పు, 1927 గ్రాముల ఆర్వో నీళ్లు, మొత్తం 2 కిలోలు. ఇక్కడ మాత్రం ప్యాకెట్ సన్నుప్పే వాడండి, అందులోని అయొడిన్ ఈ కొలతని కదిలించేంత ఉండదు. కల్లుప్పులో తేమ ఉంటుంది, తూకం తప్పుతుంది. మన వాతావరణంలో సన్నుప్పు కూడా మూకుడులో కాసేపు వేయించి, చల్లారాక తూచడం మంచిది. సీసాలో మూత బిగించి పెట్టుకోండి. మూత వదులైతే నీళ్లు ఆవిరై ద్రావణమే తప్పుతుంది.

గాజుపలక మీద రెండు మూడు చుక్కలు వేసి, మూత వాల్చి, అర నిమిషం ఆగాక చూడాలి. చుక్క వెయ్యగానే చూసే అంకె నమ్మదగింది కాదు.

ఎంవీపీ_నానో:
కలిపాక ఎంతసేపు ఆగాలి? 24 గంటలు అని చాలాచోట్ల చదివాను.

లాసన్స్‌బే_రీఫ్:
మీ సాల్ట్‌కి అక్కర్లేదు. నీళ్లు అద్దంలా తేరుకుని, అరగంట తేడాతో రెండుసార్లు కొలిస్తే ఒకే అంకె వస్తే వాడేయొచ్చు. మామూలుగా గంట, రెండు గంటలు. రెడ్ సీ వాళ్లదే నల్ల బకెట్, అంటే కోరల్ ప్రో అయితే ఇంకా తొందర. ఆల్కలినిటీ 12 డీకేహెచ్ దగ్గర ఉంటుంది. ఎక్కువసేపు తిప్పితే అది తనంతట తానే సున్నంగా విడిపోతుంది.

పెదవాల్తేరు_మేస్టారు:
నేను ఒప్పుకోను. కొత్తగా కలిపిన నీళ్లలో పీహెచ్ కుదురుకోవడానికీ, ఆక్సిజన్ పట్టడానికీ ఒక రాత్రి ఇవ్వాలి.

లాసన్స్‌బే_రీఫ్:
పవర్‌హెడ్ నీటి పైపొరని కదిలిస్తే గాలితో సర్దుకోవడం ఆ రెండు గంటల్లోనే జరిగిపోతుంది మేస్టారూ. 50 లీటర్లలో 5 లీటర్లే కదా పోసేది. సగం ట్యాంకు మార్చేటప్పుడైతే మీ మాటే వింటాను.

పెదవాల్తేరు_మేస్టారు:
మే నెలలో మాత్రం తొందరగా కలిపి తొందరగా పోసెయ్యమనే నేనూ చెప్తాను. ఎండాకాలం బకెట్ నీళ్లు 32, 33 డిగ్రీలకి వెళ్తాయి, రాత్రంతా పంపు తిరిగితే ఇంకాస్త. ఉప్పు వెయ్యకముందే నీళ్లు చల్లబరచాలి. బకెట్‌ని ఐసునీళ్ల టబ్బులో కూర్చోబెట్టండి, లేదా ఐసు కట్టించిన సీసా మూత బిగించి అందులో వెయ్యండి. ఐసు ముక్కలు నేరుగా వేస్తే ఏ నీళ్లతో చేసినవో ఆ నీళ్లు కలుస్తాయి, కొలతా తప్పుతుంది.

గాజువాక_బకెట్:
చలికాలం ఉల్టా. డిసెంబరులో గది 22 ఉంటే ట్యాంకు 26 ఉంటాది. 50 వాట్ల హీటరు వేస్తే 5 లీటర్లు అరగంటలో నాలుగు డిగ్రీలు ఎక్కుద్ది. హీటరు ఆపి, చల్లారాకే నీళ్లలోంచి తియ్యండి, లేకపోతే గాజు టప్‌మంటాది. ప్లగ్గు దగ్గర వైరు కిందకి వేలాడి మళ్లీ పైకి రావాలి, వైరు వెంట జారిన ఉప్పునీళ్లు సాకెట్లోకి పోకుండా. బోర్డుకి, కరెంటు లీకైతే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేనివాళ్లు ముందు అది వేయించుకోండి.

కంచరపాలెం_క్లౌన్:
ట్యాంకులో ఉప్పు 37కి ఎక్కింది అనుకోండి. 35 నీళ్లతో వాటర్ చేంజ్ చేస్తే దిగుతుంది కదా?

లాసన్స్‌బే_రీఫ్:
దిగదు, లెక్క చూడండి. 50 లీటర్లలో 5 తీసి 35 పీపీటీ నీళ్లు 5 పోస్తే వచ్చేది 36.8. అసలు ఎక్కడం ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. 50లో ఒక్క లీటరు తగ్గినా 35 కాస్తా 35.7 అవుతుంది. ఎండాకాలం ట్యాంకు మీద ఫ్యాను పెట్టేవాళ్లకి ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. రోజూ తగ్గిన మేర ఉత్త ఆర్వో నీళ్లే పొయ్యాలి. గాజుమీద టేపు అంటించుకుని ఆ గీత దాకా పోస్తే చాలు. తగ్గినచోట ఉప్పునీళ్లు పోశారంటే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

37 నుంచి దించడానికి 1.35 లీటర్ల ట్యాంకు నీళ్లు తీసి అంతే ఆర్వో నీళ్లు పొయ్యండి, 36కి వస్తుంది. మర్నాడు అలాగే ఇంకోసారి. రెండు పీపీటీలు ఒక్కరోజులో దించితే చేప ఊరుకుంటుందేమో గానీ ష్రింప్, నత్త ఊరుకోవు.

పనిలో పనిగా, 5 లీటర్ల మార్పుతో నైట్రేటు 20 ఉంటే 18 అవుతుంది, అంతే. తిండి ఎక్కువ వేస్తూ నీళ్లు మార్చి బాగుచేద్దామంటే కుదరదు.

సాగర్‌నగర్_హ్యాచ్:
పోసేటప్పుడు ఉష్ణోగ్రత తేడా ఒక డిగ్రీ లోపు, ఉప్పు తేడా ఒక పీపీటీ లోపు ఉండాలి. ముందు ట్యాంకు హీటరు, పంపు ఆపండి. సన్నటి ట్యూబుతో 5 లీటర్లు తీసేటప్పుడే ఇసుక పైన పేరుకున్న మురికి లాగెయ్యండి. కొత్త నీళ్లు జోవాల మీద కాకుండా గాజు వెంట, లేదా రాయి మీద పడేలా మెల్లగా పొయ్యాలి. బకెట్ అడుగున తెల్లగా ఏమైనా మిగిలితే ఆ ఆఖరి గ్లాసెడు నీళ్లు వంపకండి.

పెదవాల్తేరు_మేస్టారు:
సాల్ట్ బకెట్ నిల్వ గురించి ఎవరూ చెప్పలేదు. మన ఊరి తేమే దానికి మొదటి శత్రువు. తీసిన వెంటనే మూత బిగించాలి, తడి చెంచా పెట్టకూడదు. పెద్ద బకెట్ కొన్నవాళ్లు రెండు మూడు కిలోల చొప్పున గాలి చొరని డబ్బాల్లో విడదీసి పెట్టుకోండి. విడదీసే ముందు మూత పెట్టిన బకెట్‌ని నేలమీద బాగా దొర్లించండి. రవాణాలో బరువైన గింజలు ఒకచోటికి, సన్నటి పొడి ఒకచోటికి చేరతాయి, అలా వదిలేస్తే ఒక డబ్బాలో కాల్షియం ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. చేత్తో నలిపితే విరిగే ముద్దలు పర్వాలేదు, బరువు మాత్రం కాస్త ఎక్కువ పడుతుంది. రాయిలా గట్టిపడితే లోపలే కాల్షియం, బైకార్బొనేటు కలిసిపోయాయన్నమాట. అది ఎంత తిప్పినా మొదట్లో చెప్పిన తెలుపే వస్తుంది.

ఎంవీపీ_నానో:
టీ వేయించాను. మెంబ్రేన్ నీళ్లు రెండు లీటర్లు వదిలాక టీడీఎస్ 6. నీళ్లు ముందు, ఉప్పు తర్వాత, పంపు తిరుగుతుండగా 180 గ్రాములు. గంటలో తేరుకుంది. 73 గ్రాముల ద్రావణంతో సరిచూసిన రిఫ్రాక్టోమీటరులో 33. ఇప్పుడు ఇంకెంత?

లాసన్స్‌బే_రీఫ్:
రెండు పీపీటీలు, 5 లీటర్లు. లీటరుకి ఒక పీపీటీ పెంచడానికి సుమారు 1.1 గ్రాము. అంటే 11 గ్రాములు. వేసి ఇంకో అరగంట తిప్పి చూడండి. ఆర్వో 6 ఉంది కాబట్టి రెజిన్ తొందరేం లేదు, కానీ ఇన్నాళ్లూ కాపర్ నీళ్లు పోసి ఉంటే ట్యాంకులో కాపర్ టెస్ట్ ఒకటి చెయ్యండి, ఫిల్టరులో రాగిని పట్టే మీడియా గానీ మంచి యాక్టివేటెడ్ కార్బన్ గానీ పెట్టండి.

గాజువాక_బకెట్:
పని అయ్యాక పంపుని మంచినీళ్లలో ఒక నిమిషం తిప్పి ఆరబెట్టండి. తెల్లపొర కట్టితే వెనిగరు, నీళ్లు సగం సగం కలిపి అరగంట నానబెడితే వదులుద్ది. లోపల తిరిగే అయస్కాంతం బయటికి లాగి దాని గొయ్యి కూడా తోమాలి, పంపు ఆగిపోయేది అక్కడే.